ఆగ్నేయ మూల మానిటరు

మొన్న మా వీధిలోకి పాత సామాన్లు కొనే ఆసామి ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. వెనకటిలా గొంతు చించుకోవడాలేవీ లేవు. రికార్డు చేసిన కేక మైకులో తిరుగుతూ ఉంటుంది, ఆయన మాత్రం హాయిగా బఠాణీలు నములుతూ కూర్చుంటాడు. అటక మీద ఇరవై ఏళ్ళుగా పడి ఉన్న నా మానిటరుని దింపించాను. ఇప్పటి పలకల్లాంటిది కాదది. ముందు తెర జానెడున్నరే గానీ వెనక్కి మూరెడు పొడుగుండే గాజు బుడ్డి రకం. ఎత్తినవాడికి నడుం పట్టేసే రకం. ఆసామి దాన్ని వేలితో ఒకసారి తట్టి, "తూకానికైతే తీసుకుంటానండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "తూకానికా? ఇదేమన్నా చింతపండా? రాజమండ్రిలో మొట్టమొదట ఇంట్లో కంప్యూటరు పెట్టుకున్నవాణ్ణి నేను. దాని మానిటరయ్యా ఇది!" అన్నాను. "అయితే మరీ పాతదన్నమాటండి. లోపల రాగి ఉంటే అదే మాకు మిగిలేది" అన్నాడు తొణక్కుండా, జేబులోంచి స్క్రూడ్రైవరు తీస్తూ.

మొట్టమొదటివాణ్ణి అన్నది అబద్ధం. మా వీధిలోనే నాకన్నా ముందు ఇద్దరిళ్ళలో ఉంది. మూడోవాణ్ణి అని చెప్పుకుంటే తూకం ఇంకా తగ్గుతుందని అలా అన్నాను. అతను వాకిట్లో కూర్చుని మరలు తిప్పుతుంటే నేను అరుగు మీద చేరబడ్డాను. కోపం చల్లారలేదు సరిగదా, ఆసామిని వదిలేసి పాతికేళ్ళు వెనక్కి పోయింది. ఆ మానిటరు విషయంలో నాకు జరిగిన అన్యాయం అంతా ఇంతా కాదు.

అప్పటికి ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. కాలవల నక్షాలు నా చేతి మీదుగా వెళ్ళాయి. చేతి మీదుగా అంటే నిజమే. ఎవరో గీసినవాటి మీద పల్చటి కాగితం పరిచి దిద్దే ట్రేసర్ని నేను. హెడ్డు అన్నది రిటైరయ్యాక నాకు నేనిచ్చుకున్న ప్రమోషను. కానీ దిక్కులు మాత్రం బాగా తెలుసు. ఆ రోజుల్లో వాస్తు జ్వరం ఊళ్ళన్నీ పట్టుకుంది. బాగున్న గుమ్మాలు మూసి గోడలకి కన్నాలు కొట్టించుకుంటున్న కాలం. నేనూ నాలుగు పుస్తకాలు చదివి వాస్తు చెప్పడం మొదలెట్టాను. మండపేట నుంచి, రావులపాలెం నుంచి రైతులు ఇంటి ప్లాను చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వచ్చేవారు. పెన్సిలుతో గీసిన ప్లాను కంటే కంప్యూటరులో తీసిన ప్లాను చూపిస్తే దక్షిణం దోషం కూడా కొంత తగ్గినట్టనిపిస్తుంది జనానికి. అందుకే కొన్నాను.

కొన్నాక ఎక్కడ పెట్టాలి? కరెంటు అగ్ని స్వరూపం. అగ్నిది ఆగ్నేయం. ఇందులో ఆలోచించేదేముంది? ముందు గదికి ఆగ్నేయ మూలన, వంటింటి గోడకి ఆనించి బల్ల వేయించాను. కొబ్బరికాయ కొట్టి, మానిటరు నెత్తిన బొట్టు పెట్టి, మీట నొక్కాను. తెర వెలిగింది. అక్షరాలు వచ్చాయి. వచ్చినవి నిలబడలేదు. చలిజ్వరం వచ్చినవాడి పళ్ళలా టకటకా వణికాయి. నేను గీసిన గోడలు పడవలో కట్టినట్టు అటూ ఇటూ ఊగాయి. వాస్తు సిద్ధాంతి ఇంట్లో గోడలు ఊగడమేమిటి? నాకు కోపం రాదా మరి, మీరే చెప్పండి.

మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక మెకానిక్ ఉండేవాడు. రేడియోలతో మొదలెట్టి, టీవీల మీదుగా మానిటర్లకి వచ్చినవాడు. నలభై ఏళ్ళుంటాయి. చెవి మీద పెన్ను, చేతి మీద సోల్డరు కాలిన మచ్చలు. గట్టిగా మాట్లాడగా ఎవరూ వినలేదు. ఏ సెట్టు విప్పినా, మూత బిగించే ముందు ఆ మూత లోపల తను చేసిన పని రాసేవాడు. "అదెవరు చదువుతారయ్యా?" అంటే, "రేపు ఇంకో మెకానిక్ విప్పితే అతనికి తెలియాలి కదండీ, ఇదివరకు ఏం జరిగిందో" అనేవాడు. నా మానిటరుని మోపెడ్ వెనక కట్టుకుని తీసుకెళ్ళి, ఉబ్బిన కెపాసిటర్లు మార్చి, రోజంతా షాపులో వెలిగించి చూసి తెచ్చాడు. "దీపంలా ఉందండి గురువుగారూ" అన్నాడు. అతని షాపులో దీపమే. మా ఇంట్లో పెట్టగానే మళ్ళీ చలిజ్వరం.

రెండోసారి కేబులు మార్చాడు. తీగ చుట్టిన పెద్ద వలయం ఒకటి పట్టుకొచ్చి, తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లిగా వెనక్కి జరిగాడు. తెరకి పట్టిన అయస్కాంతం వదిలించడానికట. వంటింట్లోంచి మా ఆవిడ తొంగి చూసి, "ఆఖరికి దానికి దిష్టి కూడా తీయించారూ!" అంది. దిష్టి తీసినా పోలేదు. విచిత్రమేమిటంటే వణుకు ఎల్లవేళలా ఉండేది కాదు. పావుగంట బుద్ధిగా ఉండేది, మళ్ళీ మొదలు. నేను ఊరుకుంటానా? వణికిన వేళలన్నీ ఒక పుస్తకంలో రాసి, పంచాంగం పక్కన పెట్టి, రాహుకాలంతోనూ వర్జ్యంతోనూ సరిచూశాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. సరిపోయిందంటే, సగం రోజులు. మిగతా సగం నా గడియారం తప్పై ఉంటుందని వదిలేశాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆ ఏడే ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు కంప్యూటర్ ల్యాబు తెరుస్తున్నారు. ముప్పై మానిటర్లు. వాటి మరమ్మతు ఏడాది పొడుగునా ఒకరికే అప్పగించాలని వాళ్ళ ఉద్దేశం. కాలేజీ ప్రహరీకి గేటు ఎక్కడ పెట్టాలో చెప్పినవాణ్ణి కనక కరస్పాండెంటుకి నేనంటే గురి. ఆ పని మీద మా మెకానిక్ ఆశ పెట్టుకున్నాడు. "అదొస్తే సందులోంచి రోడ్డు మీదకొచ్చేస్తానండి. మీరొక మాట చెబితే చాలండి" అని మొదటిసారి వచ్చినప్పుడే అడిగాడు. చూద్దాంలే అన్నాను, సగం వరమిచ్చినవాడిలా.

మూడోసారి వచ్చినప్పుడు అతను తన షాపులో బాగా పనిచేస్తున్న సొంత మానిటరు ఒకటి వెంట తెచ్చాడు. ఆ సమయానికి మండపేట రైతొకాయన ప్లాను విప్పుకుని నా ఎదుట కూర్చుని ఉన్నాడు. మెకానిక్ ముందు నా మానిటరు మూత విప్పి లోపలంతా చూశాడు. తరువాత దాన్ని పక్కన పెట్టి, అదే బల్ల మీద, అదే చోట తన మానిటరు పెట్టి వెలిగించాడు. అదీ వణికింది. అతని ముఖంలో ఏదో తెలిసిన వెలుగు కనిపించింది. "కొంచెం మంచినీళ్ళు తాగొస్తానండి" అని వంటింట్లోకి వెళ్ళాడు. వచ్చాక రైతు వంక చూశాడు, నా వంక చూశాడు. "టేబులు ఓ రెండు బారలు ఇటు జరిపి చూద్దామాండి?" అన్నాడు.

"జరపడమా! ఎటు, నైరుతికా? ఆగ్నేయంలో ఉండాల్సిన అగ్నిని నైరుతిలో పెట్టమంటావా? ఆయన ఇల్లు ఎలా కట్టాలో నన్నడగడానికొచ్చాడు, నా ఇల్లు ఎలా సర్దాలో నిన్నడగనా?" అన్నాను.

రైతు గొంతు సవరించుకుని, "పోనీ ఓసారి జరిపి చూస్తే పోయేదేముందండి గురువుగారూ?" అన్నాడు.

పోయేదేముందో నాకు తెలుసు. జరిపాక వణుకు ఆగిపోతే? ఇతను ఊరెళ్ళి ఆగ్నేయంలో గురువుగారి డబ్బా వణికిందనీ, అవతలకి లాగితే బాగుపడిందనీ చెబితే? అందుకని గొంతు పెంచాను. "నువ్వు తెచ్చిన మానిటరూ వణికింది, అంటే నీ షాపులో సరుకంతా ఇంతే. నా దాంట్లో మంచి సామాను ఊడదీసి నీ చచ్చు సామాను పెట్టావు. బాగుచేస్తానని తీసుకెళ్ళి పాడుచేసి తెచ్చావు!" అన్నాను. అతను విప్పిన నా మూత తెచ్చుకుని, చెవి మీద పెన్ను తీసి లోపల ఏదో గీకి, నాలుగు మరలూ బిగించి, తన మానిటరు ఎత్తుకుని, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "వస్తానండి" అని వెళ్ళిపోయాడు. అప్పుడైనా రాసుకోవడం మానలేదు చూడు అని ఆ రాతకీ కోపం తెచ్చుకున్నాను.

ఆ వారంలోనే కరస్పాండెంటు అడిగితే, "కాస్త చేతివాటం మనిషండి" అన్నాను. రెండే మాటలు. పని కాకినాడ వాళ్ళెవరికో వెళ్ళింది.

తరువాత నెల తిరక్కుండా మా ఆవిడ ఫ్రిజ్ ఆపింది. ఐసు పేరుకుపోయి తలుపు పడకపోతే ఆపి కడుగుతుంది. ఆ పూటంతా నా మానిటరు గాలి లేని చోట దీపంలా నిలబడింది. నేను పంచాంగం తీసి ఏ గ్రహం మారిందా అని వెతుకుతున్నాను. సాయంత్రం ఆవిడ ఫ్రిజ్ వేసింది. గోడ అవతల టక్‌మని చప్పుడు, ఇవతల అక్షరాల వణుకు. "ఏవండీ, ఇది ఆడినప్పుడల్లా మీది ఊగుతోంది కదూ?" అందావిడ. ఆపమన్నాను, నిలబడింది. వెయ్యమన్నాను, వణికింది. ఆవిడ విసిగిపోయేదాకా ఆపించాను, వేయించాను. వోల్టేజి సరిగా ఉండని ఊరు కనక ఫ్రిజ్జుకి స్టెబిలైజరొకటి ఉండేది, ఇటుకంత బరువున్న తీగ చుట్టతో. ఫ్రిజ్ ఆడినంతసేపూ దాని అయస్కాంతం గోడ దాటి వచ్చి నా మానిటరుని పట్టి కుదిపేదన్నమాట. సరిగ్గా మానిటరు వీపు వెనక, అదే గోడకి, అవతలివైపు దాన్ని పెట్టించిందెవరు? కరెంటు సామానంతా ఆగ్నేయానికే రావాలని మేకు కొట్టించి మరీ పెట్టించిందెవరు?

ఆ రోజు ఫ్రిజ్ చేసినవాణ్ణి తిట్టాను, స్టెబిలైజరు అమ్మినవాణ్ణి తిట్టాను, మా ఇంటి గోడ పల్చగా కట్టిన తాపీమేస్త్రీని తిట్టాను. మా ఆవిడ అన్నీ విని, "ఆ అబ్బాయి నీళ్ళు తాగుతూ ఈ స్టెబిలైజరు మీద చెయ్యి పెట్టి చూశాడండి ఆ రోజు" అంది. ఫ్రిజ్ తలుపు వేస్తూ, "వెళ్ళి మీరు అన్న మాట మీరే వెనక్కి తీసుకోండి" అంది.

మర్నాడే వెళ్ళాను. అతని చేతులు పట్టుకుని, తప్పయిపోయిందయ్యా అన్నాను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇలాగే మా ఆవిడకి చెప్పాను, ఇన్నాళ్ళూ అందరికీ ఇలాగే చెప్పాను. అసలు జరిగింది వేరు. సందు మొగదాకా వెళ్ళాను. అక్కడ నిమ్మకాయ సోడా తాగాను. అతను లోపల తల వంచుకుని ఎవరిదో సెట్టు విప్పుకుంటున్నాడు. ఇంకో సోడా తాగి ఇంటికొచ్చేశాను. స్టెబిలైజరుని చప్పుడు చేయకుండా పడమటి గోడకి మార్పించి, ఊరంతటికీ మాత్రం, మెకానిక్ మూడుసార్లు విప్పి చేయలేనిది నేను విప్పకుండానే బాగుచేశానని చెప్పుకున్నాను. ఇదొక్కటీ అక్షరాలా నిజం, చూశారా? అందుకే మరీ సిగ్గు.

ఏడాది తిరిగేసరికి అతను షాపు మూసి తుని వెళ్ళిపోయాడు, అత్తవారి ఊరు. నా రెండు మాటల వల్లే ఒక మనిషి బతుకు కూలిపోయిందని ఒకసారి మా ఆవిడ దగ్గర వాపోయాను. "మీ మాటకి అంత బలముందని మురిసిపోకండి. సందులో షాపు ఎవరికి నడుస్తుంది? కానీ రోడ్డు మీదకొచ్చే దారికి అడ్డం పడింది మాత్రం మీరే" అంది. ఏడుపులో కూడా గొప్పలు పోనివ్వదు ఆవిడ.

వాకిట్లో ఆసామి మరలన్నీ ఊడదీశాడు. "ఇందులో ఏదో రాసుందండి. మీకేమన్నా కావాలేమో చూసుకోండి" అని వెనక మూత నా ఒళ్ళో పెట్టాడు. దుమ్ము చేత్తో తుడిచాను. బాల్ పెన్ను రాత, రంగు వెలిసింది గానీ పోలేదు. మొదటి వరస: కెపాసిటర్లు మార్చాను. రెండో వరస: కేబులు మార్చాను. మూడోది కొంచెం వంకరగా, తొందరగా రాసింది: సెట్టులో లోపం లేదు. వంటింటి స్టెబిలైజరు వల్ల. బయటి మనిషి ఉన్నాడు, పెద్దాయన మాట పోతుందని చెప్పలేదు.

"ఏముందండి?" అన్నాడు ఆసామి. "పాత రిపేర్ల పద్దు" అన్నాను. మా ఆవిడ వచ్చి నా చేతిలోంచి మూత తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని చదివింది. ఏమంటుందోనని చూశాను. ఆసామికి రాగి ఇచ్చేసి, మూత మాత్రం తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద గోడకి ఆనించి పెట్టింది. ఇప్పుడు మంచినీళ్ళకి వెళ్ళినప్పుడల్లా కనిపిస్తోంది.

రేపు పొద్దున్నే బండెక్కి తుని వెళ్తున్నాను. ఈ వాక్యం రాసి తొమ్మిది రోజులైంది. రాజమండ్రి నుంచి తుని అప్పుడూ గంటన్నరే, ఇప్పుడూ గంటన్నరే. దారి ఒక్క మైలు కూడా పెరగలేదు, నేను బయల్దేరని రోజులే ఏళ్ళయ్యాయి.