కాగితానికి పడ్డ కన్నం

విమానంలో విదేశీ సరుకు దిగే గోడౌన్ దగ్గర ఆయన్ని అందరూ ట్యాగు గుమాస్తా అనేవారు. వచ్చిన సరుకుకు కాగితాలు పెట్టి విడిపించడం ఆయన పని. చేతికందిన కాగితానికల్లా కన్నాలు కొట్టి ట్యాగుకు గుచ్చితే గానీ ఆయనకు గొంతులో కాఫీ దిగదు. ఇరవై ఆరేళ్లలో తన ఫైలు ఒక్కసారీ వెనక్కి రాలేదని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకునేవాడు. మనిషి కాస్త అతి, కానీ అబద్ధాలకోరు కాదు.

చెల్లెలు కొత్తగా కోళ్లఫారం పెట్టి, విదేశం నుంచి మేలుజాతి కోడిపిల్లల్ని తెప్పించుకుంది. కాగితాల సంగతి అన్నయ్య చూసుకుంటాడని నిశ్చింతగా ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు కడుపులో మిగిలిన సొనతో మూడు రోజులు నెట్టుకొస్తాయి. అందులో ఒక రోజు ప్రయాణానికే పోయింది.

గోడౌన్‌లో సరుకు తనిఖీ చేసే అధికారిణి, పిల్లలకు రోగాల్లేవని ఆ దేశం వాళ్లిచ్చిన ఆరోగ్య ధ్రువపత్రాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది. ఎడమ అంచున నిలువుగా అచ్చువేసిన నంబరులో చివరి రెండు అంకెలు లేవు. అక్కడ గుండ్రటి కన్నం ఉంది. పాడైన అసలు పత్రం చెల్లదనీ, కొత్తది తెప్పించుకోమనీ, అది వచ్చేదాకా పెట్టెల సీలు తీయకూడదనీ చెప్పింది.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకు పరుగెత్తి, పంచింగ్ మిషన్ అడుగు మూత తీసి, అందులోని కాగితపు చుక్కలన్నీ బల్ల మీద పోసి వెతికాడు. గంటకు ఆ రెండంకెలున్న చుక్క దొరికింది. అతికించి తీసుకెళ్తే, అతుకులేసినదీ చెల్లదంది ఆవిడ. ఆవిడ తప్పేం లేదు, రూలు అలాగే ఉంది మరి.

చెల్లెలు గోడౌన్ మెట్ల మీదే కూర్చుంది. మొదట్లో పిల్లల అరుపులు గేటు దాకా వినిపించేవి. మూడో రోజుకు చెవి ఒగ్గి వినాల్సి వచ్చింది. ఆయన ఆ పక్కకు వెళ్లడం మానేశాడు.

కొత్త ధ్రువపత్రం ఐదో రోజు వచ్చింది. అప్పటికి పెట్టెల్లో చప్పుడు లేదు.

"నువ్వున్నావనే కదన్నయ్యా, ఇంకెవర్నీ అడగలేదు," అంది చెల్లెలు.

చచ్చిన సరుకును కాల్చేయడానికీ దరఖాస్తు పెట్టాలి, దానికీ అసలు ధ్రువపత్రం కావాలి. కొత్తగా వచ్చినదాన్ని ఆయన మడత పడకుండా రెండు చేతులతో పట్టుకెళ్లి ఇచ్చాడు. అధికారిణి నంబరు సరిచూసి, ముద్ర వేసి, సొరుగులోంచి పంచింగ్ మిషన్ తీసి, ఆ కాగితానికి రెండు కన్నాలు కొట్టి ఫైల్లో పెట్టుకుంది.