ఆర్విల్ మెచ్చిన ఇటుక

చవక పిస్తోలు కొనాలా వద్దా అని మా లోయలో ఎవరికి సందేహం వచ్చినా శనివారం పొద్దున్నే మా అన్న తుపాకుల కొట్టుకి వచ్చేవాళ్ళు. మా అన్న కోసం కాదు. అమ్మేవాడి మాట ఎవడు నమ్ముతాడు? వాళ్ళకి కావలసింది ఆర్విల్ రాట్లిఫ్ మాట. కొట్టులో ఒక మూల నా పొయ్యి ఉండేది. సాసేజీలు వేయిస్తూ, వేడి రొట్టెల మీద గ్రేవీ పోస్తూ ఆ పంచాయితీలన్నీ ఏళ్ళ తరబడి విన్నాను. తుపాకుల గురించి నేను నేర్చుకున్నది తక్కువే. మగవాళ్ళ గురించి మాత్రం చాలానే నేర్చుకున్నాను.

ఆర్విల్ గనిలో బొగ్గు మోసే బెల్టులు బాగుచేసే మెకానిక్. తండ్రిదీ గనిపనే, ఊపిరితిత్తుల్లో బొగ్గు నింపుకుని పోయాడు. చిన్నప్పుడు తమ ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చిన జ్ఞాపకమే లేదని ఆర్విల్ చెప్పేవాడు. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి తక్కువ ధరలో గట్టి సరుకు దొరికితే పండగే. పేరున్న కంపెనీ పిస్తోలు నడుముకి పెట్టుకుని తిరిగేవాళ్ళంటే అతనికి జాలి, వెటకారం రెండూను.

పిస్తోలు చేతికిస్తే ముందు ఖాళీగా ఉందో లేదో చూసేవాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. తూటాల మ్యాగజైన్ అంచుల మీద బొటనవేలి గోరు నడిపేవాడు. చివరికి ఒక పెన్సిలు, రబ్బరు ఉన్న వైపు లోపలికి పోయేలా గొట్టంలో జారవిడిచి, పిస్తోలు పైకెత్తి ట్రిగ్గర్ నొక్కేవాడు. లోపలి సూది దెబ్బకి పెన్సిలు ఎగిరి నా పొయ్యి దాకా వచ్చిందంటే ఆ పిస్తోలు పాసైనట్టే. "పనికొస్తుంది" అనేవాడు. అంతకు మించి పొగిడేవాడు కాదు. ఆ ఒక్క మాట కోసం జనం పక్క లోయల నుంచి కూడా వచ్చేవాళ్ళు.

అతను అందరికంటే ఎక్కువ మెచ్చినది ఒక మోటు పిస్తోలు. కొట్టులో దానికన్నా చవకైనది లేదు. దాని ఆకారం చూసి అందరూ ఇటుక అనేవాళ్ళు. పిస్తోలు పైన ఉండే ఇనుప భాగాన్ని, అదే స్లైడుని, వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. ఖరీదైన వాటిలో ఉండే సున్నితమైన ఏర్పాట్లేవీ ఇటుకలో లేవు. వాటి బదులు బరువైన స్లైడు, బాగా బిగువైన స్ప్రింగు పెట్టి పని కానిచ్చారు. అదే ఆర్విల్‌కి నచ్చింది.

స్కూలు బస్సు నడిపి రిటైరైన హోబర్ట్ అతనికి సరిజోడు. హోబర్ట్ దగ్గర జర్మనీ పిస్తోలు ఉండేది.

"ఆ ఇటుకతో కాల్చడం దేనికి ఆర్విల్? విసిరికొట్టు. తూటాలు మిగుల్తాయి," అనేవాడు హోబర్ట్.

"నీది గీత పడుతుందని బీరువాలోంచి తియ్యవు గదా. దొంగొస్తే గుడ్డతో తుడిచి చూపిస్తావా?"

"పోనీ, నీ ఇటుక ఎవరినన్నా కాపాడిందా ఇంతవరకు?"

హోబర్ట్ ఈ ప్రశ్న కావాలనే వేసేవాడు. ఆర్విల్ చెప్పే కథ అతనికీ ఇష్టమే మరి.

ఆర్విల్‌ది రాత్రి షిఫ్టు. దానికి జీతం కాస్త ఎక్కువ. వాళ్ళ ఇల్లు లోయ చివర, ఆ పైన అడవే. భార్య ఒలీటా ఒక్కతే ఉంటుందని పెళ్ళయిన కొత్తలోనే ఆమెకి ఇటుక కొనిచ్చాడు. చవక పిస్తోలు కింద పడితే పేలుతుందేమోనని గొట్టంలో తూటా ఉంచొద్దన్నాడు, అవసరమైనప్పుడు స్లైడు లాగితే చాలన్నాడు. ఒక జనవరిలో ఎవడో వాళ్ళ వరండా ఎక్కి తలుపు పిడి తిప్పాడు. మర్నాడు పొద్దున ఆర్విల్ డ్యూటీ దిగి వచ్చాక ఒలీటా చెప్పింది: "రాత్రి ఎవడో వచ్చాడు. నీ పిస్తోలు చేతిలో పట్టుకునే ఉన్నాను. వెళ్ళిపోయాడు."

ఆమె చెప్పింది అంతే. మా కొట్టుకి వచ్చేసరికి ఆ కథకి కాళ్ళు, చేతులు వచ్చాయి. ఒలీటా తలుపు వెనక నిలబడి ఫటామని స్లైడు లాగిందట. ఆ చప్పుడుకే వాడు మెట్లు కూడా చూసుకోకుండా దూకి పారిపోయాడట. "ఒక్క తూటా ఖర్చు కాలేదు," అని ముగించేవాడు. ఆ కథ విని మా లోయలో ఎంతమంది తమ ఆడవాళ్ళకి ఇటుకలు కొనిచ్చారో మా అన్నకే తెలియాలి. అవన్నీ అమ్మింది ఆయనే. ఇంకో మాట కూడా నవ్వుతూ చెప్పేవాడు ఆర్విల్. ఒలీటా మంచం పక్కన ఇనుప మూకుడు పెట్టుకుని పడుకుంటుందట, అర్ధరాత్రి ఆకలేస్తుందేమోనని. మేమూ నవ్వేవాళ్ళం.

అతను రిటైరయ్యాక ఒక నవంబరు శనివారం, జింకల వేట మొదలైన వారం, ఒలీటా కూడా అతనితో వచ్చింది. నా దగ్గర బల్ల ముందు కూర్చుని కాఫీ తాగుతోంది. వాళ్ళ లోయలోనే ఉండే ట్వైలా అనే అమ్మాయి లోపలికొచ్చి కౌంటరు మీద ఇటుక పెట్టింది. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. భర్త టెక్సస్‌లో పైపులైను పనికి వెళుతూ, ఆర్విల్ మాట మీద అది కొనిచ్చి వెళ్ళాడు.

"ఆర్విల్ బాబాయ్, ఇది చెడిపోయింది. స్లైడు కదలట్లేదు."

ఆర్విల్ అందుకుని లాగాడు. ఫటామంది.

"చెడిపోవడమేంటి, వెన్నలా ఉంది. నువ్వు దానికి భయపడుతున్నావు, అది కనిపెట్టేసింది. గట్టిగా లాగమ్మా."

ఆ పిల్ల అందరి ముందూ లాగింది. మొహం ఎర్రబడింది గాని స్లైడు సగం కూడా రాలేదు.

"మా ఒలీటా నీకంటే అర అడుగు పొట్టి," అన్నాడు ఆర్విల్, కథకి గొంతు సవరించుకుంటూ. "ఆవిడ లాగలేదా ఆ రాత్రి?"

ట్వైలా ఒలీటా వైపు తిరిగింది. "పిన్నీ, నువ్వెలా లాగావో చూపించవా? రెండు రాత్రుల్నించి ఎవరో మా షెడ్డు తలుపు తీస్తున్నారు. ఆయన వచ్చే నెల దాకా రాడు."

ఒలీటా కప్పు కింద పెట్టింది. ముందు మొగుడి వైపు చూసింది, తర్వాత ఆ పిల్ల వైపు.

"నేను లాగలేదమ్మా," అంది. "నాకు ఎప్పుడూ రాలేదు."

"ఊరికే అంటోంది," అన్నాడు ఆర్విల్.

"ఊరికే కాదు ఆర్విల్. ఆ రాత్రి మోకాళ్ళ మధ్య పెట్టుకుని లాగాను. మంచం కోడుకి ఆనించి లాగాను. అరచేతి తోలు ఊడొచ్చింది గాని అది కదల్లేదు. చివరికి మూకుడు పట్టుకుని స్నానాల తొట్టిలో కూర్చున్నాను. తొట్టి కూడా ఇనుపదే గదా, వాడు కాల్చినా ఆగుతుందనుకున్నాను."

"నీ చేతికి కట్టుంది పొద్దున," అన్నాడు ఆర్విల్ నెమ్మదిగా. "క్యాబేజీ తురుముతుంటే తెగిందన్నావు."

"అన్నాను."

"ఎందుకన్నావు?"

"నువ్వెంత సంబరంగా తెచ్చావో చూశాను కాబట్టి. తర్వాతేమో ఊరంతా చెప్పుకున్నావు. మిమ్మల్నందర్నీ నవ్వనిచ్చాను, నాకేం పోయింది? ఈ పిల్ల రేపు దాన్ని నమ్ముకుని పడుకుంటుంది. అది చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు."

హోబర్ట్‌కి అంతకన్నా మంచి అవకాశం జన్మలో దొరకదు. అయినా ఒక్క మాట అనకుండా తన కాఫీలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ ముసలాయన మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజే. మా అన్న అద్దాల కిందనుంచి పాత రివాల్వరు ఒకటి తీశాడు. దానికి లాగడానికి స్లైడు ఉండదు. ఆర్విల్ అది తీసుకుని, ఖాళీ అని చూసుకుని, అలవాటు ప్రకారం పెన్సిలు కోసం జేబులో చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేశాడు. రివాల్వరు ట్వైలా చేతిలో పెట్టాడు.

"నువ్వే చూడమ్మా," అన్నాడు. "నాకు తెలీదు."

ఆర్విల్ నోట "తెలీదు" అన్న మాట మేము అంతకుముందు వినలేదు.

తర్వాత కూడా శనివారాలు వస్తూనే ఉన్నాడు, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు. ఎవరైనా పిస్తోలు చాపితే అందుకునే ముందు "ఎవరికి?" అని అడిగేవాడు. భార్యకనో తల్లికనో చెబితే, ఆవిడని తీసుకురమ్మనేవాడు. కొంతమంది విసుక్కునేవాళ్ళు. ఇటుకని మాత్రం ఎప్పుడూ తిట్టలేదు. అది మంచి సరుకే, అతని చేతికి. ఆ జనవరి కథ మళ్ళీ ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. పోయిన చలికాలం చనిపోయాడు. సమాధి దగ్గర నలుగురూ అతని పెన్సిలు గురించి చెప్పుకుని నవ్వుకుంటుంటే నాకు వేరే సంగతి గుర్తొచ్చి మనసు పాడైపోయింది.

ఆ నవంబరు రోజునే, ట్వైలా వెళ్ళిపోయాక, నేను పొయ్యిలో బూడిద పారబోయడానికి బయటికెళ్ళాను. ఆర్విల్, ఒలీటా తమ ట్రక్కు వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నారు. నన్ను చూసీ మాటలు ఆపలేదు.

"ఆ రాత్రి వాడు ఎంతసేపున్నాడు?" అని అడుగుతున్నాడు ఆర్విల్.

"ఇన్నేళ్ళూ ఊరికంతటికీ చెప్పావు. నన్ను అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను."

"తెల్లవారేదాకా. మెట్ల మీద కూర్చుని తనలో తను మాట్లాడుకున్నాడు. మధ్యమధ్య లేచి పిడి తిప్పేవాడు. మలుపు దగ్గర నీ ట్రక్కు లైట్లు కనపడ్డాక అడవిలోకి పోయాడు."

ఆర్విల్ తన చేతులు చూసుకున్నాడు. బెల్టులు బిగించీ బిగించీ కాయలు కాసిన చేతులు. ఆ స్లైడు వాటికి ఒక లెక్క కాదు.

"చెప్పాల్సింది నాకు."

"చెప్పాను. పగటి షిఫ్టు అడగమన్నాను, ఆ వారమే. పిస్తోలుంది గదా, పనిచేసింది గదా అన్నావు."

ఒలీటా కోటు మెడదాకా లాక్కుంది. ఆర్విల్ గొంతు నాకు సరిగ్గా వినబడలేదు, రెండోసారి అన్నప్పుడే అర్థమైంది.

"ఇచ్చేవాళ్ళే ఒలీటా. ఒక్క మాట అడిగుంటే పగటి షిఫ్టు ఇచ్చేవాళ్ళు."

"తెలుసు," అంది ఒలీటా. "మీ ఫోర్‌మన్ భార్య అప్పుడే చెప్పింది, చర్చిలో."