గంగామణి భుజం నొప్పి

నైజాం రోజులవి. ఆర్మూరు పసుపు కళ్లాల్లో గంగామణి ఎత్తినన్ని గంపలు మగవాళ్లు కూడా ఎత్తేవారు కాదు. అటువంటి మనిషి నిజామాబాదులో ఆడవాళ్ల దవాఖాన బల్లమీద పడుకుని గజగజ వణుకుతోంది. వణకదా మరి! పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. గర్భానికి పోయే దారి మూసుకుపోయిందని డాక్టరమ్మ ఒక్క మాట అంటే చాలు, మొగుడు ముత్తెన్నకు రెండో పెళ్లి చేయడానికి అత్త ఎంకవ్వ మోర్తాడులో పిల్లను చూసి పెట్టింది. ఆ మాట దాచుకుందా? వచ్చేటప్పుడు బస్సులో నలుగురూ వినేలా చెప్పింది.

"భయపడకు తల్లీ, కోసుడు లేదు," అంది నర్సు సకీనా. "సన్న గొట్టంతోని లోపలికి జర గాలి పంపుతరు. తొవ్వ తెరిచుంటే గాలి దాటిపోతది, లేకుంటే ఆగుతది. పొద్దుగూకేసరికి ఇంట్ల ఉంటవ్."

కడుపులోకి గాలా! గంగామణికి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. గొట్టం చల్లగా తగిలింది. గాలి లోపలికి పోయింది. కళ్లు గట్టిగా మూసుకుని ఎల్లమ్మ తల్లికి మొక్కుకుంది. డాక్టరమ్మ గాలి ఒత్తిడి చూపే గాజుగొట్టంలో పాదరసం వంక చూస్తూ పెదవి విరిచింది. అది దిగినట్టే దిగి మళ్లీ ఎక్కుతోంది, ఏదీ తేల్చడం లేదు.

"లేచి కూసో. యాడన్న నొస్తుందా?" డాక్టరమ్మ మాటను సకీనా తెలుగులో అడిగింది.

కూర్చోగానే కుడి భుజంలో ఒకటే పోటు. కానీ కళ్లంలో బతికిన ఆడదాని నోట ఆ మాట వస్తుందా? భుజం నొస్తోందన్న కూలిని మేస్త్రీ మర్నాడు గంప ముట్టనివ్వడు. అక్కడ నేర్చిన అబద్ధమే అలవాటుగా ఊడిపడింది. పైగా నొప్పంటే కోస్తారేమోనన్న బెదురు ఒకటి.

"యాడ లేదమ్మా. మంచిగనే ఉన్న."

సకీనా ముఖం చిన్నబోయింది. దారి మూసుకున్నట్టే ఉందంటోంది డాక్టరమ్మ అని మెల్లగా చెప్పింది. అయిపోయింది నా బతుకు అనుకుంది గంగామణి.

బయట ఎంకవ్వ సంగతి వినీ వినగానే మూట ముందుకు తోసింది. "ఎత్తుకో. రేపే మోర్తాడు పోతున్న."

గంగామణి చెయ్యి లేపబోయి "అవ్వా!" అని కూలబడింది. "భుజమత్తా... గాలి పెట్టినప్పటిసంది గుంజుతుంది."

కోడలి భుజం పడిపోతే గంపలెవరు మోస్తారు? ఎంకవ్వ ఆమెను రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. "నా కోడలి భుజం ఖరాబు చేసిండ్రు!" అని దవాఖానంతా వినబడేలా అరిచింది.

డాక్టరమ్మ సంగతి విని నవ్వేసింది. సకీనా తల కొట్టుకుంది. "అయ్యో పిచ్చిదానా, గీ ముచ్చట కోసమే గదా అడిగింది! తొవ్వ దాటిన గాలే పైకెక్కి భుజంల నొస్తది. నీ దారి తెరిచే ఉంది." ఎంకవ్వ వైపు తిరిగింది. "ఇగ నీ కొడుకును తోల్కరమ్మంటుంది డాక్టరమ్మ. ఆయనను గూడ చూడాలెనట."

ఎంకవ్వ మూట తనే ఎత్తుకుంది. తిరుగు బస్సు జక్రాన్‌పల్లి దాటింది. అప్పుడు కోడలి దగ్గరకు జరిగి గొంతు తగ్గించింది.

"పిల్లా, వాన్ని రమ్మన్న మాట ఇంట్ల చెప్పకు. మగోడు, ఇజ్జత్ పోతది."

గంగామణి భుజం నొక్కి చూసుకుంది. పోటు తగ్గిపోతోంది. దారి తెరిచే ఉందనడానికి తన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. ఇల్లు చేరేలోగా పూర్తిగా పోతే? అత్త కాదంటే తన మాట ఎవరు నమ్ముతారు? బల్లమీద కూడా ఇంత భయం వేయలేదు.

"చెప్త అత్తా," అంది భుజం మీద చెయ్యి తీయకుండా. "నొప్పి తగ్గకముందే చెప్త."