గీత మీద ఉండాల్సిన చుక్కలు

గిటార్లు బాగుచేసే మేస్త్రికి ఒక్కటే చెడ్డ అలవాటు. అవతలి మేస్త్రీల తప్పులు కంటబడితే ఊరుకోలేడు. వేరే చోట పాడుచేయించుకున్న వాయిద్యాన్ని ఎవరైనా తెచ్చి బల్ల మీద పెట్టడమే ఆలస్యం, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఇది చేసినవాడు పనివాడా, చెక్క మీద పగబట్టినవాడా?" అని మొదలుపెడతాడు. జిగురు ఎక్కడ పొంగిందో, మర ఎక్కడ ఒరిగిందో అరగంట వర్ణిస్తాడు. వెనక గదిలో గిటార్లకు గుడ్డ సంచులు కుట్టే భార్య ఆ అరగంటా మిషను ఇంకాస్త గట్టిగా తొక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా అదే పురాణం విని ఆవిడకు విసుగు కూడా పాతబడిపోయింది.

అయితే ఆయన గొప్పలు ఉత్తి గొప్పలు కావు. చేయి తిరిగిన పనివాడు. తీగ మీటి, కళ్ళు మూసుకుని, మెడ ఎక్కడ వంగిందో చెప్పేయగలడు. అందుకే ముందు గదిలోని ఆ ఇరుకు దుకాణానికి ఎక్కడెక్కడి వాళ్ళో వెతుక్కుంటూ వస్తారు.

అలా పాతికేళ్ళుగా వస్తున్న మనిషి బేసక్క. ఆ పేరు ఆవిడ వాయించే బృందంవాళ్ళు పెట్టింది. వాయించేది బేస్ గిటార్. నాలుగు లావు తీగలు, పాట అడుగున గుమ్మని మోగే శబ్దం. అది ఉన్నంతసేపూ వినేవాళ్ళకు ఉన్నట్టే తెలియదు, ఆగిపోతే మాత్రం పాట కుంటుతుంది. పైగా ఆవిడ గిటార్‌కు మెట్లు లేవు. మామూలు గిటార్ మెడ మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి, వేలు కాస్త అటూ ఇటూ పడినా మెట్టు స్వరాన్ని కాపాడుతుంది. ఆవిడది నున్నటి చెక్క. మెట్లు ఉండాల్సిన చోట సన్నటి గీతలు మాత్రమే. వేలు సరిగ్గా గీత మీద పడితేనే శ్రుతి. వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతి.

ఒకరోజు వచ్చి మొర పెట్టుకుంది.

"మా నాయకుడికి కొత్త పిచ్చి పట్టింది అన్నయ్యా. స్టేజంతా చీకటి చేసి, పాడేవాళ్ళ మీద మాత్రం లైటు వేయిస్తున్నాడు. నా గీతలు నాకే కనబడటం లేదు. వంగి వంగి చూసి నడుం పట్టేసింది."

"కళ్ళజోడు మార్చి చూశావా చెల్లెమ్మా?"

"చీకట్లో చూసే అద్దాలు ఎవరమ్ముతారు చెప్పు? వెటకారం ఆపి దారి చూపించు."

దారి ఆయనకు తెలుసు. మెడ అంచున, వాయించేవాళ్ళ కంటికి ఆనే వైపు, సన్నటి రంధ్రాలు తొలవాలి. వెలుతురు పీల్చుకుని చీకట్లో మెరిసే పొడిని జిగురులో కలిపి వాటిలో నింపాలి. మూడు, ఐదు, ఏడు, తొమ్మిది స్థానాల దగ్గర ఒక్కో చుక్క, పన్నెండు దగ్గర జంట చుక్కలు. మూడు రోజులు ఊపిరి బిగబట్టి చేశాడు. ఆవిడ వచ్చినప్పుడు షట్టరు దించి లైటు తీసేశాడు. చీకట్లో ఆకుపచ్చ చుక్కలు వరసగా వెలిగాయి. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మళ్ళీ లైటు వేశాక నాలుగు పాటలు వాయించి చూసుకుంది. గది నిశ్శబ్దంగా ఉంది, గీతలు కళ్ళెదుటే ఉన్నాయి, అంతా చక్కగా పలికింది. చీకట్లో వాయించి చూద్దామని ఆవిడకూ తోచలేదు, చూడమనడం ఆయనకూ తోచలేదు.

వారం తిరగకుండానే ఆవిడ మళ్ళీ వచ్చింది. గిటార్ పెట్టెను బల్ల మీద పెట్టి నిలబడే మాట్లాడింది.

"దీన్ని ఎవరికైనా ఇప్పించెయ్యి అన్నయ్యా. నా పని అయిపోయింది."

"అదేం మాట?"

"శనివారం పెద్ద హాల్లో వాయించాం. మొదటి పాట నుంచీ నా శ్రుతి కిందికే ఉంది. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది. ఆ డ్రమ్ముల మోతలో నాకేమో ఏమీ తెలియలేదు. ఇంటికెళ్ళి రికార్డింగు వింటే సిగ్గుతో చచ్చిపోయాను. ఏడాదిగా ఎడమ చెవిలో ఈల మోగుతోందని చెప్పాను కదా, అదే అయ్యుంటుంది. మోతలో వినపడటం ముందు పోతుందట. వాళ్ళు వద్దనకముందే నేనే మానేస్తానని చెప్పి వచ్చేశాను."

మాట్లాడుతూనే కళ్ళు తుడుచుకుంది. మేస్త్రి ఏదో ఒకటి చేయాలని పెట్టె తెరిచాడు. మెడ అంచు కనబడింది.

చుక్కలు గీతల మీద లేవు. గీతకూ గీతకూ సరిగ్గా నడుమ, కొలిచి పెట్టినట్టు ఉన్నాయి. కొలిచే పెట్టాడు మరి! మెట్లున్న గిటార్‌కు చుక్క రెండు మెట్ల నడుమే పెడతారు. వేలు ఆ నడిమి జాగాలో నొక్కితే చాలు, పలికేది మెట్టు. మెట్లు లేనిదానికి చుక్క గీత మీదే ఉండాలి, ఎందుకంటే అక్కడ పలికేది వేలే. ఇది మేస్త్రికి తెలియదా? నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కానీ ముప్పై ఏళ్ళుగా మెట్ల మధ్య చుక్కలు పెట్టిన చెయ్యి, ఆయన్ని అడగకుండా అలవాటు ప్రకారం పోయింది. చీకట్లో ఆవిడ ఆ చుక్కల్నే నమ్మి వేలు వేసింది. ప్రతి స్వరమూ సగం మెట్టు దిగిపోయింది.

చెప్పాలనే నోరు తెరిచాడు. "మంచి మనిషి దొరికితే కబురు చేస్తాలే" అన్న మాట బయటికొచ్చింది.

ఆవిడ తల ఊపి, పెట్టె అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజూ ఆయనకు ఇదే పని. ఫోను తీసి ఆవిడ నెంబరు వెతకడం, మళ్ళీ జేబులో పెట్టుకోవడం. రేపు చెబుదాం అనుకోవడం, రేపు వచ్చాక ఎల్లుండి మంచిదనిపించడం. ఇదే తప్పు ఇంకొకడు చేసి ఉంటే ఏడాది పొడుగునా కథలు కథలుగా చెప్పి ఉండేవాడు. ఒకాయన ఇంకెవరో చెడగొట్టిన గిటార్ తెచ్చి, "చూశారా ఎంత ఘోరమో!" అంటే, మేస్త్రి దాన్ని కిక్కురుమనకుండా తీసుకుని పక్కన పెట్టాడు. వెనక గదిలో మిషను ఆగింది. భార్య గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అంది.

పదిహేను రోజుల తర్వాత బృందంలో డ్రమ్ములు వాయించే ఆయన ఏదో పని మీద వచ్చాడు. బేసక్క జాగాలో కొత్తవాణ్ణి పెట్టుకున్నారని చెప్పాడు.

"అక్క ఫోన్ కూడా ఎత్తడం లేదు మేస్త్రి గారూ. అవతలివాళ్ళ మాట సరిగ్గా వినపడకపోతే పరువు పోతుందని భయమట. సొంత కూతురు చేసినా ఎత్తదు, మెసేజి పెట్టమంటుంది."

డ్రమ్ములాయన వెళ్ళగానే మేస్త్రి ఆ గిటార్‌ను బల్ల మీదికి తీశాడు. పాత చుక్కలు తొలిచేసి, అదే రంగు చెక్కతో పూడ్చి, ఈసారి గీత గీతకూ గోటితో తడిమి చూసుకుంటూ కొత్త చుక్కలు పెట్టాడు. ఆయన మనసులో ఉన్న ఉపాయం ఏమంత గొప్పది కాదు. ఆవిడ వచ్చి చీకట్లో వాయించుకుంటుంది, చెవి బాగైందనుకుంటుంది, సంతోషంగా వెళ్తుంది. తన పేరుకు మచ్చ రాదు.

"చేసిన పనే మళ్ళీ చేస్తున్నారేం?" అంది భార్య.

"చిన్న సవరణ."

ఆవిడ వంగి, పూడ్చిన రంధ్రాల మీద వేలితో రాసి చూసింది. మొగుడి ముఖంలోకి చూసింది. "సవరణ చెక్కకేనా?" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం మెసేజి పెట్టి బేసక్కను పిలిపించాడు. "ఎవరికో ఇచ్చేముందు ఒక్కసారి చీకట్లో వాయించు చెల్లెమ్మా" అని బతిమాలి, షట్టరు దించాడు. ఆవిడ మనసు లేకుండా గిటార్ భుజాన వేసుకుంది. మొదటి స్వరం తిన్నగా పలికింది. రెండోదీ అంతే. ఆవిడ ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి, ఒక పాట మొత్తం వాయించింది. ఆ చీకట్లోనే ఏడ్చేసింది.

"వినపడుతోంది అన్నయ్యా! నా చెవులు నాకు తిరిగొచ్చాయి."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ ఆవిడ తడుముకుంటూ వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు పిలవకపోతే దీన్ని మళ్ళీ ముట్టుకునేదాన్నే కాదు" అంది. ఆ చేతులు లాక్కోలేక, ఆవిడ చేతుల్లో ఉంచలేక, ఆయన నిలువునా సిగ్గుతో కాలిపోయాడు. వెళ్ళి షట్టరు పైకి లేపాడు. వెలుతురులో ఆవిడ ముఖం చూస్తూ మొత్తం చెప్పాడు. చుక్కలు ఎక్కడ పెట్టాడో, ఎప్పుడు తెలిసిందో, ఎన్ని రోజులు నోరు మూసుకున్నాడో, అన్నీ.

ఆవిడ గిటార్‌ను భుజం మీంచి దించి పెట్టెలో పెట్టింది.

"తప్పు జరిగింది, సరే," అంది. "ఆ రోజు నేను ఇక్కడే నిలబడి ఏడుస్తుంటే చూశావు కదా అన్నయ్యా. అప్పుడు చెప్పడానికి ఏమొచ్చింది?"

"భయమేసింది" అన్నాడు.

"నాకూ భయమేసింది. పద, నాకు కాదు, మా బృందంవాళ్ళకు చెబుదువు గాని."

బృందం సాధన చేసుకునే హాలు నాలుగు వీధుల అవతల ఉంది. దారిలో పెట్టె తనకివ్వమని ఆయన చెయ్యి చాపితే ఆవిడ ఇవ్వలేదు. హాల్లో అందరూ ఉన్నారు. మేస్త్రి గుమ్మంలోనే నిలబడి, నీళ్ళు నమలకుండా, తన తప్పును తన నోటితో చెప్పాడు. కొత్తగా చేరినతను కూడా విన్నాడు. నాయకుడు తల గోక్కుని, ఇతనికి నెలాఖరు దాకా మాటిచ్చేశాననీ, తర్వాత నీ చోటు నీదేననీ బేసక్కతో అన్నాడు.

డ్రమ్ములాయన మాత్రం ఆవిడ వైపు తిరిగి గయ్యిమన్నాడు.

"ఆ శనివారమే చెప్పానా లేదా అక్కా? ఆ కొత్త చుక్కలు ఒకసారి చూసుకోమన్నాను. నా మీద ఎగిరావు. 'అన్నయ్య చేతిలో తప్పు జరగదు, జరిగితే నా చెవిలోనే' అన్నావు!"

బేసక్క తల వంచుకుని తీగలు బిగిస్తోంది. మేస్త్రికి ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు. ఆవిడ తన చెవిని కాదనుకున్నది ఈల మోగినందుకు కాదు, మేస్త్రి చేతిని నమ్మినందుకు.

నాయకుడు ఒక పాట వాయించి చూపించమని లైట్లు తీయించాడు. తెరిచిన తలుపులోంచి పడే కాస్త వెలుతురులో ఆవిడ ఆకారం తెలుస్తోంది. మెడ అంచున ఆకుపచ్చ చుక్కలు ఒక్కటీ తప్పకుండా గీతల మీదే వెలుగుతున్నాయి. ఆవిడ ముఖం డ్రమ్ముల వైపు తిప్పి, ఆ మోతకు చెవి ఒగ్గి మొదలుపెట్టింది. పాట అయ్యేదాకా ఒక్క స్వరం జారలేదు. పాట అయ్యేదాకా ఆవిడ ఆ చుక్కల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.