ఒక పేరు, ఇద్దరు తోడికోడళ్లు

ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి తొడిమలు తీయించి, గ్రేడ్ చేసి, సంచులకెత్తే షెడ్డులో నేను హెచ్‌ఆర్ ఉద్యోగం చేస్తున్నాను. ఎంబీఏ చదివే రోజుల్లో హెచ్‌ఆర్ అంటే ఏసీ గది, మెడలో ట్యాగు అనుకున్నాను. ఇక్కడ మొదటి వారం మొత్తం తుమ్ములతోనే గడిచింది. ఇంటికెళ్లి చున్నీ దులిపితే మా వాళ్లంతా తుమ్మేవాళ్లు.

మా యజమానిది మట్టెవాడలో పాత వ్యాపార కుటుంబం. మనిషి మంచివాడే, కాని సర్కారు ముద్ర ఉన్న కాగితం కనిపిస్తే చాలు, బీపీ మాత్ర వెతుక్కుంటాడు. హాజరు, పీఎఫ్, సెలవులు అన్నీ నాకు అప్పగించి "నువ్వున్నవ్ గద బేటా, నాకేం ఫికర్" అనేవాడు. నేనూ పొంగిపోయేదాన్ని. మూడేళ్లపాటు రిజిస్టర్‌లో ఒక్క గడి ఖాళీ లేకుండా చూసుకుని, ప్రతి సాయంత్రం కింద సంతకం పెట్టాను.

పోయినేడాది వేలిముద్ర మిషన్ తెచ్చాం. మొదటి రోజు అందరి వేళ్లూ ఎక్కించాను. రెండో రోజు పొద్దున, రోజూ చూసే మనిషే అనిపించిన ఒకామె వేలు పెడితే మిషన్ ఒప్పుకోలేదు. ఈ పనిలో వేళ్లకు మిర్చి దుమ్ము అంటుకుంటుంది కాబట్టి చేతులు కడుక్కుని రమ్మన్నాను. వచ్చింది. మళ్లీ అదే. మూడోసారికి ఆమెకే జాలేసింది, నా మీద.

"కడిగితె ఏమైతది మేడం? నిన్న మా అక్కొచ్చింది. ఇయ్యాల నా వంతు."

"ఏ అక్క?"

"మా తోడికోడలు. మా ఇంటికి ఒక్కటే జాగ గద. ఒకనాడు ఆమె, ఒకనాడు నేను."

పొద్దున రైలుకు స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి వచ్చే ఈ ఆడవాళ్ల లెక్కలో పని ఒక్క మనిషిది కాదు, ఇంటిది. ఒకరికి జ్వరమొస్తేనో, చేన్లో కలుపు తీయాల్సి వస్తేనో ఆ ఇంటి నుంచి మరొకరు వచ్చి కూర్చుంటారు. లేకపోతే జాగ, అంటే షెడ్డులో కూర్చునే చోటు, పోతుందని భయం. అందులో దాచిందేమీ లేదు. సూపర్‌వైజర్‌కు తెలుసు, వాచ్‌మన్‌కు తెలుసు, గేటు బయట చాయ్ బండి ఆమెకూ తెలుసు. తెలియనిదల్లా హెచ్‌ఆర్ మేడంకే.

పాత రిజిస్టర్ తెరిచాను. అందులో ఉన్నది అక్క పేరొక్కటే. ఆ పెద్దామె పేరుకు ఎదురుగా ఒకరోజు వేలిముద్ర, మరునాడు గుండ్రటి అక్షరాలతో సంతకం. చిన్నామె పదో తరగతి చదివింది, తోడికోడలి పేరును అంత పొందికగా రాసేది. ఒకే మనిషికి రోజు విడిచి రోజు చదువు వచ్చి పోతుంటే నేను చూసీ చూడకుండా నా సంతకం గీకుతూ వచ్చాను. నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మూడేళ్లు పేర్లు చూశాను తప్ప తలెత్తి మొహాలు చూడలేదు.

అప్పుడు తలెత్తి చూశాను. చిన్నామెకు ఐదో నెల.

గడిచిన ఏడాదిలో ఎనభై రోజులు పనిచేసిన ఆడమనిషికి కాన్పుకు జీతంతో సెలవివ్వాలని చట్టం. ఈమె అంతకంటే చాలా ఎక్కువే చేసింది. కాగితం మీద మాత్రం ఒక్క రోజూ చేయలేదు. "ఏడో నెల పడంగనే నేను బంజేస్త, అక్కనే దినాం వస్తది" అంది తేలిగ్గా. తనకొక సెలవుంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

యజమాని దగ్గరికి వెళ్లి, ఉన్న సంగతి లేబర్ ఆఫీసుకు మనమే రాసిద్దామన్నాను.

"పాగల్ అయినవా? మూడేండ్ల రిజిస్టర్ తప్పని మనమే పోయి చెప్పుడా? ఇయ్యాల్టి నుంచి కొత్తగ పేరెక్కియ్యి, అయిపోతది."

"గట్లయితే కాన్పు లోపల ఎనభై రోజులు యాడికెల్లి వస్తయ్ సార్? తప్పు నాది. నాదే అని రాస్త."

ఆయన మాత్ర వేసుకుని పెద్దామెను పిలిపించాడు. ఆమె ఒప్పుకోదని ఆయన ధీమా. సగం రోజులు తీసేస్తే ఆమె సర్వీసూ సగమవుతుంది మరి. ఆ సంగతి నేనే ఆమెకు విడమరిచి చెప్పాను. ఆమె క్షణం కూడా ఆలోచించలేదు.

"నేను రాని దినాలు నాయెట్లయితయ్ సేటూ? దాని దినాలు దానికి రాయుండ్రి."

యజమాని నన్ను ఉత్తరం రాసి తెమ్మన్నాడు. ఆ సాయంత్రమే ఉత్తరం మీద సంతకం పెట్టాడు.

లేబర్ ఆఫీసులో అధికారి రిజిస్టర్ అటూ ఇటూ తిప్పి, "రోజూ చెక్ చేసింది నువ్వేనా అమ్మా?" అన్నాడు. నేనేనన్నాను. అరగంట చీవాట్లు పెట్టాడు, నోరు మూసుకుని పడ్డాను. చివరికి వేలిముద్ర రోజులు ఒకరికి, సంతకం రోజులు ఇంకొకరికి విడదీసి రాయమన్నాడు. ఆ లెక్కన చిన్నామె ఎనభై ఎప్పుడో దాటేసింది. సీజన్ కాబట్టి మనుషులు కావాలి, యజమాని ఇద్దరినీ రోజూ రమ్మన్నాడు. పక్కపక్కనే రెండు పీటలు వేశాం.

ఎనిమిదో నెలలో చిన్నామె సెలవు మీద వెళ్లింది. మరునాడు పొద్దున అరవై దాటిన ఒకావిడ టిఫిన్ డబ్బాతో గేటు దగ్గర నిలబడి ఉంది. తోడికోడళ్ల అత్త.

"చిన్న కోడలు ఇంటికాడున్నది గద బిడ్డా. దాని జాగల నేనొచ్చిన."

"వద్దవ్వా. ఆమెకు సెలవిచ్చినం. జీతం వస్తది, జాగ గూడ ఆమెదే."

"ఎవ్వలు కూసోకున్న ఉంటదా జాగ?"

"ఉంటది."

ఆమె నమ్మలేదు. నన్ను దాటుకుని షెడ్డులోకి నడిచింది. పెద్ద కోడలి పక్కన పీట ఖాళీగా ఉంది. దాని దగ్గర ఆగింది.

"నా కాన్పులప్పుడు నేను నాల్గు దినాలు పనికి పోకుంటె నా జాగల ఇంకొకామె కూసునేది బిడ్డా" అంది.

తరువాత వంగి, పీట మీద పడ్డ మిర్చి గింజలను కొంగుతో దులిపింది. అటూ ఇటూ ఉన్నవాళ్ల వైపు తిరిగి, "ఎవ్వలు కూసోకుండ్రి, మా కోడలొస్తది" అని గట్టిగా చెప్పి, డబ్బా తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.