తీతువు గూటికి సున్నం గుర్తు

తెల్లవారితే రైలు ఊళ్లో సగం మందిని బెంగళూరు కొలువులకు మోసుకుపోతుంది. మిగిలినవాళ్లలో డెన్నిస్‌తో మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. ఆ వేళకు అతను నోటుపుస్తకం, సున్నం డబ్బా పట్టుకుని మూతపడ్డ బంగారు గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల వెనకనున్న బీడుకు నడుస్తాడు. అరవై నాలుగేళ్లు, ఒంటి మనిషి. ఆ బీడులో తీతువు పిట్టలు గుడ్లు పెడతాయి. ఆరు వేసవులుగా ఆ గూళ్లు చూసి లెక్క రాసుకోవడమే అతనికి డ్యూటీ.

తీతువు అరిస్తే చావు కబురని జనం తిట్టుకుంటారు. గనిదుమ్ము పీల్చి మనుషులు పోయిన ఊరికి ఆ కబురు చెప్పడానికి పిట్ట కూడా కావాలా అంటాడు డెన్నిస్.

ఆ పిట్ట గూడంటే బోడినేల మీద చిన్న గుంట, చుట్టూ కాసిని గులకరాళ్లు, మట్టిరంగు మీద నల్లమచ్చల గుడ్లు నాలుగు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. ఎండ మండితే నీళ్లలో పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తాయి. పక్కనే నిలబడినా గుడ్లు కంటికి ఆనవు. ఒకసారి చూసిన చోటును మళ్లీ వెతుక్కోవడం డెన్నిస్‌కు నామోషీ. గని మూసేదాకా భూమికింద సర్వే గ్యాంగులో పనిచేసినవాడు. కొలత తీసిన ప్రతిచోటా తెల్లగుర్తు పెట్టి నంబరు వేయడం చేతికి పట్టిన పని. ఇక్కడా గూటికి మూడడుగుల దూరంలో ఒక రాయికి సున్నం పూసి నంబరు వేసేవాడు.

ఇప్పటిదాకా ముప్ఫై ఒక్క గూళ్లు చూశాడు. గుడ్లు పిల్లలైనవి రెండింట్లోనే, మిగతావన్నీ ఏదో తినేసింది. ముంగిసలను, కుక్కలను, చివరికి చర్చిలో కూర్చుని దేవుణ్ణీ తిట్టాడు.

ఈ వేసవిలో ముప్ఫై రెండో గూటికి సున్నం పూసిన ఆరో రోజున, పక్క పల్లె నుంచి మేకలు తోలుకొచ్చే చిక్కమ్మ దారిలో ఆగింది.

"ఏమప్పా డెన్నిసూ, మళ్లీ కాకులకి ఆకేసినావా?"

"కాకులకా? నేనెప్పుడు వేస్తిని?"

"నీ తెల్లరాయి కనబడితే సాలు, నేరుగా వచ్చి దిగతాయి. మా మామ తిథినాడు పిండం పెట్టి గంటసేపు పిలిస్తే ఒక్కటీ రాలా. నీకైతే పిలిచే పనే లేదు."

"ఇన్నేండ్లూ చూస్తా ఉండి చెప్పకూడదా?"

"దగ్గరికొస్తే మేకలు గుడ్లు తొక్కతాయని తరుముతావు, యాడ చెప్పేది? చదువుకున్నోడివి, కావాలనే చేస్తా ఉండావనుకుంటి."

డెన్నిస్ అక్కడే కూలబడి నోటుపుస్తకం తీశాడు. గుడ్లు పిల్లలైన రెండు గూళ్ల పక్కనా తన చేతిరాతే ఉంది: 'సున్నం అయిపోయింది, గుర్తు పెట్టలేదు.' మిగతా ఇరవై తొమ్మిదింటినీ కాకులకు చూపించింది తనే.

వెళ్లి ఆ రాయిని బోర్లా తిప్పాడు. ఒక పిట్ట నెత్తిమీద గిరికీలు కొడుతూ అరిచింది. రెండోది రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ అతణ్ణి దూరంగా లాక్కుపోవాలని చూసింది. ఇన్నాళ్లూ అవి తనను గుర్తుపట్టి పలకరిస్తున్నాయనుకునేవాడు. కరెంటు స్తంభం మీద కాకి అతని వైపే చూస్తోంది. రాయి తిప్పితే చాలదు. కాకికి ఇప్పుడు అతనే గుర్తు.

"ఇంగ నెలదాకా నేను రాను. నువ్వు గూడా ఆ దిక్కు మేకల్ని తోలొద్దు" అన్నాడు చిక్కమ్మతో.

"పుణ్యమొస్తాదిలేప్పా."

"పుణ్యం నువ్వే పెట్టుకో. పొద్దున్నే నేను యాడికి పోయేది?"

మర్నాటి నుంచి అతను స్టేషనుకు వెళ్లి రైలు కదిలేదాకా నిలబడేవాడు. అది పోయాక ప్లాట్‌ఫారం మీద అతనే మిగిలేవాడు. రెండుసార్లు దిబ్బ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

నెల గడిచాక దారిలో చిక్కమ్మ కోసం కాచుకున్నాడు.

"పిల్లలు కనబడినాయా?"

"నేనేం చూస్తిని? పోవద్దంటివి గదా. ఆ పక్కకి తిరిగి గూడా చూడలేదు, మేకల మీద ఒట్టు!"

ఆమె మాట ఇంత గట్టిగా నిలబెట్టుకుంటుందని డెన్నిస్ అనుకోలేదు.

"రా, ఇద్దరమూ పోయి చూస్తాము" అంది.

"వద్దు. పిల్లలుంటే నేలకి కరుచుకోని ఉంటాయి. కాలికింద పడినా తెలీదు. ఇంగో నెల పోనీ."

"అప్పుడు పోతే ఏముంటాది?"

"ఏమీ ఉండదు. పిల్లలు ఎగిరిపోయినా గుంట ఖాళీనే, కాకి తిన్నా ఖాళీనే."

చిక్కమ్మ అతణ్ణి ఎగాదిగా చూసి, మేకలను అవతలి దారికి మళ్లించింది. డెన్నిస్ ఇంటిదారి పట్టాడు. అప్పటికింకా పొద్దున ఏడున్నరే.