మొహం మీద ముద్ర

ఆ స్టూడియోలో ఫొటోలు తీసేది ఓనరే అయినా, స్టూడియోని నడిపేది మాత్రం కౌంటరక్కే. ఆవిడ అసలు పేరు కట్టుకున్నవాడికైనా గుర్తుందో లేదో! పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం వచ్చినవాణ్ణి కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, మాటల్లో పెట్టి, వాడు చెప్పులు తొడుక్కునేలోగా ఇంటిల్లిపాదికీ గ్రూపు ఫొటో బుక్ చేయించి పంపేది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఊరి సంగతి నాకు తెలీదు గానీ, గల్లా మాత్రం నిండుతుంది" అనేది.

అమ్మడం ఒక ఎత్తు, వసూలు చేయడం ఇంకో ఎత్తు. ఓనరు మహా మొహమాటస్తుడు. బాకీ ఉన్నవాడు ఎదురైతే తనే తప్పు చేసినట్టు రోడ్డు దాటి అవతలికి పోయే రకం. "అడగందే అమ్మయినా పెట్టదు సార్" అంటూ కౌంటరక్క ఫోను అందుకునేది. ఆవిడ మెసేజీల్లో వట్టి మాటలుండవు, బాకీవాళ్ల ఫొటోనే ఒకటి శాంపిలుగా జత వెళ్తుంది. తన మొహం తనే చూసుకున్నాక ఎంత పీనాసి అయినా మెత్తబడతాడని ఆవిడ లెక్క. అదెప్పుడూ తప్పలేదు.

కానీ ఆ శాంపిలు ఫొటోలతోనే ఓ చిక్కు వచ్చిపడింది. పూర్తిగా డబ్బు కట్టేదాకా ఫొటో మీద స్టూడియో ముద్ర ఉంటుంది. మొదట్లో దాన్ని మూలకి వేసేవారు. జనం తెలివిమీరిపోయారు. ఓ పెళ్లికొడుకు మేనమామయితే మూలలు కత్తిరించేసి, ఆల్బమ్ మొత్తం శాంపిళ్లతోనే ప్రింటు కొట్టించుకుని, అదే ఆల్బమ్ తెచ్చి స్టూడియోలో చూపించి మరీ మురిసిపోయాడు. కౌంటరక్క ఒళ్లు మండిపోయింది.

"తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. ఇక నుంచి మొహం మీద వేద్దాం సార్ ముద్ర" అంది.

"మొహం మీదా? బాగోదమ్మా" అన్నాడు ఓనరు.

"బాగోకూడదనేగా!"

అలా మొదలైంది. ఏటవాలు అక్షరాల్లో స్టూడియో పేరు, నడుమ లెన్సులాంటి గుండ్రం. నుదుటి నుంచి గడ్డం దాకా వెళ్లేది. వసూళ్లు పరుగెత్తుకుంటూ వచ్చాయి. అదే ముద్రని జానెడు నల్లటి స్టిక్కరుగా చేయించి అద్దం తలుపుకి కూడా అంటించారు. పొద్దు వాలే వేళకి ఎండ ఆ తలుపులోంచి తిన్నగా కౌంటరు మీద పడుతుంది. కళ్లలో పడుతోందని కౌంటరక్క విసుక్కుంటూ తలుపు బయటి తెర దించేసేది.

ఏడాది గడిచినా డబ్బు కట్టనివాళ్ల ఫొటోలు కంప్యూటరులోంచి తీసేయడం కూడా ఆవిడ పనే. కొత్తవాటికి చోటు కావాలి కదా. "ఆఖరి అవకాశం" అని ఓ మెసేజీ పెట్టి, వారం ఆగి, తుడిచేసేది. చెత్త ఊడ్చినంత తేలిక.

ఓ మధ్యాహ్నం ఒకాయన తలుపు తోసుకుని వచ్చాడు. చంకలో మూడేళ్లు నిండని పాప. లోపలికి అడుగు పెడుతూనే ఆ పిల్ల తలుపు మీది ముద్రని అరచేత్తో నిమిరి, "అమ్మ" అంది.

"అయ్యో నా బంగారం! అది అమ్మ కాదే, మా దుకాణం బొమ్మ. అమ్మేదీ, బయట నించుందా?" అని కౌంటరక్క పకపకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. "పాత బాకీ ఒకటుందండీ. ఇన్నాళ్లకి డబ్బు కుదిరింది, కట్టేసి మా ఫొటో తీసుకెళ్దామని" అంటూ ఫోను ముందుకు జరిపాడు.

ఫోనులో ఓ యువతి. భుజాన నెలల పసిపిల్ల. ఆమె మొహం మీద ఏటవాలుగా స్టూడియో ముద్ర. కింద కౌంటరక్క పంపిన మాటలే, ఆఖరి అవకాశం అని.

"మా పెళ్లికి ఎవరూ రాలేదండీ, ఫొటోలూ లేవు. ఒక్క మంచి ఫొటో అయినా ఉండాలని తనే పట్టుబట్టి ఇక్కడికి లాక్కొచ్చింది. తర్వాత జబ్బు చేసింది. ఉన్నదంతా ఆసుపత్రికే పోయింది, తనూ పోయింది. పాత ఫోను నీళ్లలో పడి అందులోవన్నీ పోయాయి. మీ ఆఖరి మెసేజీ కొత్త ఫోనులోకి వచ్చింది. మీరు వదలకుండా అడగబట్టి ఇదొక్కటైనా మిగిలిందండీ" అన్నాడు. నిజంగానే కృతజ్ఞతతో అన్నాడు. "పెద్దది చేయించి మంచం ఎదురుగా పెట్టాను. దీనికి అమ్మంటే అదే."

ఆ ఫొటో లేదని కౌంటరక్కకి అప్పటికే తెలుసు. తన వేలితోనే తుడిచింది. అయినా నోరు ఊరుకోలేదు. "వెతికించి ఇస్తాను బాబూ. డబ్బు ఇప్పుడొద్దు, ఫొటో చేతికొచ్చాకే" అంది. చేతికొచ్చిన డబ్బుని ఆవిడ వద్దనడం అదే మొదలు.

ఓనరు కెమెరా కార్డులన్నీ గాలించాడు. వాటి మీద ఎన్ని పెళ్లిళ్లు జరిగిపోయాయో! కంప్యూటర్లు బాగుచేసేవాడు కూడా పెదవి విరిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఆ రోజు నుంచి ఆ తల్లి మొహం కౌంటరక్కని వదల్లేదు. అసలు శాంపిలు పంపడానికి ఆ ఫొటోని ఏరింది తనే. ముద్ర లేకుండా ఆ మొహాన్ని చూసిన కళ్లు ఇవే. ఎలా ఉండేవి ఆమె కళ్లు? బుగ్గన సొట్ట పడేదా? ఎంత గుర్తు చేసుకున్నా అక్షరాలే వచ్చి నిలబడేవి. గిన్నెలు తోముతుంటే పళ్లెంలో కనబడేది. బస్సులో ఎదుటి సీటులోవాళ్ల మొహాల మీద ఏటవాలుగా అవే అక్షరాలు పాకేవి. ఒకనాడు పొద్దున్నే టీ తాగుతూ ఇంటాయన ఏదో జోకు చెప్పి తనే నవ్వుకున్నాడు. ఈవిడ నవ్వకుండా గుడ్లప్పగించి చూసింది.

"ఏంటే ఆ చూపు? నా మొహం మీదేమైనా ఉందా?" అన్నాడాయన.

"ఏమీ లేదు" అని వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

చివరికి ఆ శాంపిలునే పట్టుకుని, ఫొటోలకి టచింగు చేసే ముసలి మాస్టారు దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి చాలాసేపు చూశాడు.

"ముద్ర కింద ఏముందో నాకేం తెలుస్తుందమ్మా? నేను గీస్తే బొమ్మవుతుంది గానీ, మనిషి అవుతుందా?"

"ఏదో ఒకటి చెయ్యండి మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ పిల్లకి అమ్మ మొహం కావాలి" అంది. ఖర్చు తన జీతంలోంచే పెట్టుకుంది.

మాస్టారు చేయి తిరిగినవాడు. ముద్ర ఆనవాలు లేకుండా పోయింది. చక్కటి కళ్లు, చక్కటి ముక్కు, చక్కటి నవ్వు. కౌంటరక్క దానికి మంచి ఫ్రేము కట్టించి, కబురు పెట్టి, పాపనీ తండ్రినీ ఎదురుగా కూచోబెట్టి చేతికిచ్చింది.

ఆయన చూసి, "బాగుందండీ. చాలా బాగుంది" అన్నాడు. ఫ్రేముని దగ్గరికి తెచ్చుకుని, "కళ్లు... ఇలా కాదేమో" అన్నాడు.

"ఎలా ఉండేవో చెప్పండి బాబూ, మార్పిస్తాను. ఎన్నిసార్లయినా మార్పిస్తాను."

ఆయన కళ్లు మూసుకున్నాడు. చెబుతాడని కౌంటరక్క ముందుకి వంగింది.

"గుర్తుకి రావట్లేదండీ. రోజూ ఆ అక్షరాలతోనే చూసీ చూసీ... నాకూ రావట్లేదు."

పాప ఫ్రేములోకి తొంగిచూసింది. "ఎవలు?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా తండ్రి ఒళ్లోంచి జారి తలుపు దగ్గరికి పరుగెత్తి, స్టిక్కరు అందక మునివేళ్ల మీద లేచి, "అమ్మ ఇక్కల" అంది.

కౌంటరక్క ఇక తట్టుకోలేకపోయింది. "మీ ఫొటో లేదు బాబూ. తుడిచేసింది నేనే. మొహం మీద ముద్ర వేయమన్నదీ నేనే. ఓనరు వద్దన్నా వినలేదు" అనేసింది.

ఆయన తిడితే బాగుండేది. "మీ పని మీరు చేశారండీ" అని పాపని ఎత్తుకుని, ఆ ఫ్రేముని కౌంటరు మీదే వదిలి వెళ్లిపోయాడు.

మర్నాటి నుంచి స్టూడియో ముద్ర మళ్లీ ఫొటో మూలకి పోయింది. "కత్తిరించేసుకుంటారేమోనమ్మా" అన్నాడు ఓనరు. "కత్తిరించుకోనీండి సార్" అంది ఆవిడ. ఆ తండ్రీ కూతుళ్లు సాయంత్రాలు ఆ దారినే ఇంటికి వెళ్లేవారు. ఆయన లోపలికి చూసేవాడు కాదు గానీ, పాప తలుపుని నిమిరేదాకా ఓపిగ్గా నిలబడేవాడు. పాప వచ్చేసరికి ముద్ర కనబడాలని కౌంటరక్క తెర దించడం మానేసింది. ఎండ తిన్నగా కళ్లలో పడేది. "ఎందుకమ్మా ఆ అవస్థ?" అని ఓనరంటే వినబడనట్టు బిల్లులు రాసుకునేది.

అలాంటి ఓ సాయంత్రం ఆయన మెట్టు మీద నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. పాప తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది, వెనకే తలుపు మూసుకుంది. కౌంటరక్క కవరులో ఫొటోలు సర్దుతున్నదల్లా తలెత్తింది. పాప ఉన్నచోటే ఆగిపోయింది. తలుపు వైపు చూడట్లేదు. ఆవిడ మొహంలోకే చూస్తోంది.

"అమ్మా" అంది.

కౌంటరక్కకి అర్థం కాలేదు. కస్టమర్లు తల దువ్వుకునే అద్దం పక్క గోడకి ఉంది. కళ్లు మాత్రం అటు తిప్పి చూసుకుంది. తలుపు మీది ముద్ర నీడ తన మొహం మీద పడింది. ఏటవాలు అక్షరాలు నుదుటి నుంచి గడ్డం దాకా దిగాయి. గుండ్రం సరిగ్గా ముక్కు మీద ఉంది.

"అమ్మా!" పాప మొహం విప్పారింది. దగ్గరికొచ్చి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపింది.

ఎత్తుకోవాలంటే వంగాలి. వంగితే ఆ నీడ మొహం మీంచి జారిపోతుంది.

కౌంటరక్క కదల్లేదు. ఎండకి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, ఆ చాచిన చేతుల ముందు అలాగే కూచుంది.